నలుగురొస్తేనే తెరిచే సీసా

కుక్క కాటు సూది గురించి నేను ఇప్పటికి నాలుగు అర్జీలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. మొదటిది ఇచ్చినప్పుడు కరీంనగర్‌లోని ఒక కార్యాలయంలో గుమాస్తా దాన్ని చదవకుండానే టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు. రెండోది ఇచ్చినప్పుడు ఇంకొకాయన, "పెద్దాయనా, కుక్కల మీద కేసు పెట్టుండ్రి, గవే వచ్చి సంతకం పెడతయి" అని నవ్వాడు. ఆయన చొక్కా జేబులో రెండు పెన్నులున్నాయి, ఒకదానికి మూత లేదు. నేను మరిచిపోలేదు. మిగతా రెండూ పోస్టులో పంపాను. అందినట్టు కార్డులు తిరిగొచ్చాయి. అంటే తీసుకున్నారు, చదివారో లేదో వాళ్లకే తెలియాలి.

నేను అడిగింది చిన్న సంగతి. "కుక్క కరిస్తే వెంటనే టీకా వేయించుకోండి" అని గోడల మీద రాయిస్తున్నారు. ఎక్కడ, ఏ రోజు, ఎన్నిసార్లు అన్నది ఎందుకు రాయించరు? దీనికి ఇంకో ప్రశ్న కలిసింది. అది ఎలా కలిసిందో చెప్పడానికే ఈ ప్రయాణం రాస్తున్నాను. ఎవరికైనా ఇదే దారిలో పోవలసి వస్తే పనికొస్తుందని వేళలు కూడా వేశాను. ముప్పై ఏళ్లు బెల్లంపల్లి గనిలో హాజరు పట్టీ రాసినవాణ్ణి, గడియారం చూడకుండా నాకు ఏదీ గుర్తుండదు.

బుధవారం సాయంత్రం మా చెల్లెలు రూతమ్మ ఫోన్ చేసింది. ఉట్నూర్ అవతల ఒక చిన్న ఊళ్లో పత్తి వేసుకుని బతుకుతుంది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, పెట్టేసేముందు అంది: "అన్నా, సోమవారం చేన్ల కుక్క కరిసింది. ఏం ఫికర్ లే, మందు తాగిన."

"ఏం మందు?"

"మల్లయ్య పసరు. ఇరవై ఒక్క రోజులు పథ్యం."

"కుక్క ఏమైంది?"

"ఇయ్యాల పొద్దుగాల గట్టు మీద సచ్చి పడ్డది" అంది.

బెల్లంపల్లిలో మా పక్క క్వార్టర్‌లో పోచయ్య అని ఉండేవాడు. కుక్క కరిచిన రెండు నెలలకు ఒకరోజు టీ గ్లాసు నోటి దాకా తీసుకుని విసిరి కొట్టాడు. నీళ్ల చప్పుడు వింటే గొంతు పట్టుకునేవాడు. మూడు రోజులే బతికాడు. ఆ రోగం బయటపడ్డాక ఏ దవాఖానలోనూ ఏమీ చేయలేరు. బయటపడక ముందు మాత్రం సూదులు చాలు అడ్డుకోవడానికి, అవీ సమయానికి పడితే. రూతమ్మకు అప్పటికే మూడో రోజు.

మర్నాడు గురువారం ఎలాగూ నాకు ఇక్కడి కరీంనగర్ దవాఖానలో పని ఉంది. నెల కింద మా గల్లీలో నన్నూ ఒక కుక్క కరిచింది. నాలుగో సూది, చివరిది, ఆ రోజే. ఎనిమిదిన్నరకు వరుసలో నిలబడ్డాను. నా ముందు ఒకాయన తువ్వాలు తలా మొహం కలిపి చుట్టుకుని ఉన్నాడు. కుడి చేతికి గుడ్డ కట్టు. చలికాలమే, కానీ అంత చలేమీ లేదు.

"ఏ ఊరు?" అన్నాను.

"గీడనే."

"ఎన్నో సూది?"

"మూడోది" అని అటు తిరిగాడు. పేరు అడిగితే వినబడనట్టు ఉన్నాడు. సూది గదిలో పేరు చెప్పేటప్పుడు కూడా బల్ల మీదికి వంగి గుసగుసగా చెప్పాడు. దవాఖానలో గుసగుసలాడే మనిషిని నేను నమ్మను. నా సూది అయ్యాక చీటీ మీద తేదీ సరిగ్గా వేశారో లేదో రెండుసార్లు చూసుకుని బస్టాండుకు నడిచాను.

తొమ్మిది నలభైకి మంచిర్యాల బస్సు. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి సీట్లన్నీ వాళ్లవే. నేను పెద్దపల్లి దాకా నిలబడ్డాను, ఒక్కరూ కూర్చోమనలేదు. పెద్దపల్లిలో సీటు దొరికింది. పక్కన గోదావరిఖని పోయే ఆమె, ఒళ్లో టమాటాల సంచి. నా చేతిలో దవాఖాన చీటీ చూసి, "కుక్క సూదా? బొడ్డు సుట్టూ పద్నాలుగు ఏస్తరట గదా. మా మరిదికి కరిసినా భయానికి పోలే" అంది.

"బొడ్డుకు కాదమ్మా, రెక్కకు. నాలుగు మాట్లు పోతే అయిపోతది. దోమ కుట్టినట్టు ఉంటది."

"నువ్వు డాక్టర్‌వా?"

"కాదు, కరిపించుకున్నోణ్ణి."

ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "మరి గా పద్నాలుగు మాట ఎవలు చెప్పిన్రు?" అంది. ఎవరు చెప్పారో నాకు తెలియదు. అది పాతకాలపు మాటని, ఇప్పుడు అలా లేదని ఏ గోడ మీదా రాసిలేదన్నది మాత్రం తెలుసు. మరిదికి ఇవాళే ఫోన్ చేయమని చెప్పాను. చేస్తానంది. చేసిందో లేదో.

పదకొండు యాభైకి గోదావరి వంతెన. అప్పుడు చూశాను, ముందు నుంచి మూడో సీటులో తువ్వాలాయన. గీడనే అన్నవాడు గోదావరి దాటుతున్నాడు! కిటికీ లోంచి ఎడమ చేయి బయటపెట్టి రూపాయి బిళ్ల నీళ్లలోకి వేసి దండం పెట్టుకున్నాడు. చిన్న అబద్ధం ఆడినవాడి దగ్గర పెద్దది కూడా ఉంటుంది. సంచి దగ్గరికి లాక్కున్నాను.

మంచిర్యాలలో బస్టాండు ఎదురుగా భోజనం చేశాను. పప్పు బాగుంది, అన్నం రెండోసారి అడిగితే వడ్డించేవాడు విసుక్కున్నాడు. ఒంటిగంటా పదిహేనుకు ఉట్నూర్ బస్సు ఎక్కితే అందులోనూ తువ్వాలాయన! ఇక నాకు అనుమానం ఆగలేదు. నా వెంట పడ్డాడా? లక్సెట్టిపేట దాటాక కండక్టర్‌ను పిలిచి, ఆయన ఎక్కడికి టికెట్ తీసుకున్నాడని అడిగాను.

"గాయన టికెట్ నీకెందుకు పెద్దాయనా? పోలీసోనివా?"

బస్సులో అందరూ వినేలా అన్నాడు. ఆ కండక్టర్‌కు ఎడమ చెవి దగ్గర పుట్టుమచ్చ ఉంది.

జన్నారం తర్వాత రోడ్డుకు రెండు పక్కలా టేకు అడవి. ఈ దారిలో పోయేవాళ్లు నీళ్లు ముందే పట్టుకోవాలి, మధ్యలో బస్సు ఎక్కడా సరిగా ఆగదు. కరీంనగర్ నుంచి ఉట్నూర్ దాకా గోడల మీద కుక్క కాటు గురించి ఎన్ని రాతలున్నాయో చూస్తూ వచ్చాను. నాలుగు కనబడ్డాయి. నాలుగింటిలోనూ కుక్క బొమ్మ ఉంది, ఒక్కదానిలోనూ వారం పేరు లేదు.

ఉట్నూర్‌లో దిగేసరికి నాలుగు ఇరవై. తువ్వాలాయన జనంలో కలిసి మాయమయ్యాడు. జీపులో పదమూడు మందిమి కూర్చుని బయల్దేరాం. ఊరికి ముందు ఒక వాగు, దాని మీద అడుగెత్తు కల్వర్టు. అది దాటి రూతమ్మ ఇంటికి చేరేసరికి అయిదు నలభై.

పిక్క మీద నాలుగు పళ్ల గాట్లు. వాటి మీద కారం, సున్నం కలిపి మెత్తిన పట్టు, ఎండి నల్లబడింది. మణికట్టుకు పసుపుకొమ్ముతో నల్లదారం. నేను మాట్లాడకుండా నల్లా దగ్గర పీట వేసి, సబ్బు తీసుకుని, కాలు కడగడం మొదలుపెట్టాను. పావుగంట సేపు కడగాలి. మంట పుట్టి నన్ను తిట్టింది. అయినా గడియారం చూస్తూ పదిహేను నిమిషాలూ కడిగాను.

"దవాఖానకు ఎందుకు పోలే?"

"పోయిన అన్నా. నాకు అంత తెల్వదా? మంగళవారం పొద్దుగాల్నే కూలి ఇడిసిపెట్టి పోయిన. నర్సమ్మ సూసింది. ఒక్కదానికి సీసా తెరువం, నలుగురైతే రా అన్నది. నలుగురిని ఏడికెళ్లి తేవాలె? కుక్కను బతిమాలి ఇంకో ముగ్గురిని కరిపియ్యన్నా?"

జనానికి అవగాహన లేదని ఇన్నాళ్లూ విన్నాను. ఇక్కడ జనం గడప దాకా పోయి తిరిగొచ్చారు. నర్సు ఆ సీసాలు బయట అమ్ముకుంటోందని అప్పుడే నిశ్చయించుకున్నాను.

"రేపు పోదాం. నేనుంటా, ఎట్ల తెరవరో సూస్తా."

"రేపు రాను. వాగు దాటొద్దు. మల్లయ్య పథ్యం. ఇరవై ఒక్క రోజులు పారే నీళ్లు దాటినా, సూది ముట్టినా విషం తలకెక్కుతదట."

"గిది ఎవడు చెప్పిండే?"

"పోచయ్యను నువ్వూ సూసినవు, నేనూ సూసిన. గా రోగానికి నీళ్లంటేనే గదా పగ. నీళ్లకు దూరం ఉండమంటే అబద్ధం ఎట్లయితది?"

మా ఇద్దరికీ ఒకే చావు గుర్తుంది. ఆమె దాన్నుంచి ఒకటి నేర్చుకుంది, నేను ఇంకొకటి. దవాఖాన వాగు అవతల ఉంది. పథ్యం వాగు ఇవతల ఉండమంటోంది.

శుక్రవారం ఆరున్నరకు ఊరి మీద పడ్డాను. నలుగురు కావాలన్నారు కదా, నలుగుర్నీ తీసుకుపోతే ఇక ఏ సాకు చెబుతారో చూడాలని. ఎవరింటికి పోయినా "మా ఇంట్ల ఎవలకూ కరువలే" అనే అన్నారు, మణికట్లకు నల్లదారాలు కనబడుతూనే. పత్తి ఏరే లక్ష్మి చివరికి చెప్పింది: "కుక్కపిల్ల పెద్దసారు, గింతదే. పాలు తాగేదానికి విషం ఉంటదా?" ఉంటుందని చెప్పాను. మేకలు కాసే రాజన్న లుంగీ పైకెత్తి తొడ చూపించాడు. చెల్లెలితో ముగ్గురయ్యారు. ముగ్గురూ మల్లయ్య మందే తాగారు. ముగ్గురూ వాగు దాటేది లేదన్నారు.

ఏడున్నరకు మల్లయ్య ఇంటికి పోయాను, తగువు పెట్టుకోవడానికే. వాకిట్లో కూర్చుని రోట్లో ఆకులు దంచుతున్నాడు, ఎడమ చేత్తో. కుడి చేతికి గుడ్డ కట్టు.

"రాండ్రి, కూసోండ్రి. ఎవలికి కరిసింది?" అన్నాడు తలెత్తకుండా.

"నాకే. నిన్న నీ ఎనుక లైన్ల నిలబడ్డ."

రోకలి ఆగింది. తువ్వాలు లేకుండా ఆ మొహం మొదటిసారి చూశాను. అరవై ఏళ్లుంటాయి.

"జర మెల్లగ మాట్లాడు సారూ. ఇంట్ల కోడలున్నది."

"పదకొండు యాభైకి గోదావరి దాటినవు. రూపాయి బిళ్ల ఏసినవు. మా చెల్లెనేమో వాగు దాటొద్దంటివి. నీ పథ్యం ఏడ పోయింది?"

"పథ్యం మందు తాగినోళ్లకు సారూ. నేను తాగలే."

ఇంత నిజాయితీగా ఎవరైనా మోసం చేయడం నేను చూడలేదు. ఎందుకు తాగలేదని అడిగాను. రోటి అంచుకంటిన ఆకు గీరి లోపల వేశాడు.

"మా తాత ఇచ్చిండు, మా బాపు ఇచ్చిండు. కొందరు బతికిన్రు, కొందరు సచ్చిన్రు. బతికినోళ్లు కోడిని తెచ్చిచ్చిన్రు. సచ్చినోళ్లు పథ్యం తప్పిన్రు అన్నం. నా చెయ్యి కరిసినంక గా మాట నాకు నేను చెప్పుకోలేకపోయిన."

"ఉట్నూర్ల ఏయించుకోక కరీంనగర్ దాకా ఎందుకు?"

"ఉట్నూర్ల సూది పొడిపించుకుంటే పొద్దుగూకెటాల్లకు అన్ని ఊర్లకు తెలుస్తది. ఇంట్ల కత్తితోని తెగిందని చెప్పిన."

"మా చెల్లె మంగళవారం వచ్చింది. అప్పటికే నీకు రెండు సూదులు పడ్డయి. కడుపుల ఏం పెట్టుకుని ఆమెకు దారం కట్టినవు?"

"దవాఖానల తోలేసిన్రని ఏడ్సుకుంట వచ్చింది సారూ. నేనూ తోలేస్తే ఏడికి పోవాలె?"

నాకు కోపం తగ్గలేదు. జీపు మాట్లాడానని, వాగు దాకా వచ్చి దారాలు విప్పమని అడిగాను. సరేనని లోపలికి పోయాడు. పెరటి దారిన పారిపోతాడని అనుమానించి గడప దగ్గరే నిలబడ్డాను. చొక్కా వేసుకుని వచ్చాడు. బయటికొచ్చాక వేళ్లు మడుస్తూ అన్నాడు: "పై గూడెంల ఇద్దరున్నరు. రోడ్డు మీది వాడల భార్యాభర్తలు. గీ పదిహేను రోజులల్ల వచ్చినోళ్లు. జీపు అటు తిప్పుండ్రి."

నాలుగు అర్జీలకు దొరకని లెక్క ఈయన వేళ్ల మీద ఉంది. కుక్క కరిచినవాళ్లంతా మొదట వచ్చేది ఈ వాకిలికే. అవగాహన సభలు పెట్టేవాళ్లు ఈ వాకిలి దాకా ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు.

ఎనిమిదీ యాభైకి మల్లయ్య పిలిస్తే ఎక్కిన ఏడుగురు కాటు పడ్డవాళ్లు, మల్లయ్య, నేను జీపులో కల్వర్టు దగ్గరికి వచ్చాం. రూతమ్మ దిగిపోయింది. మిగతావాళ్లూ దిగారు. మల్లయ్య దారాలు విప్పబోతే చేయి వెనక్కి లాక్కుంది.

"కట్టేటప్పుడు ఒక మాట, ఇప్పేటప్పుడు ఒక మాటనా? ముందు నువ్వు దాటు మల్లయ్యా."

ఆయన కల్వర్టు ఎక్కలేదు. పక్కనుంచి వాగులోకి దిగాడు. నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి. నడుమకు పోయి, చేతి కట్టు విప్పి, గుడ్డ నీళ్లలో వదిలేశాడు. బొటనవేలు కింద పళ్ల గాట్లు, సగం మానినవి.

"కత్తి కాదు. కుక్క" అన్నాడు గట్టిగా. "నేను పసరు తాగలే. సర్కారు దవాఖానల సూది ఏసుకున్న, మూడు. ఇంకోటున్నది. ఇగ మీ ఇష్టం."

లక్ష్మి ముందు నవ్వింది. "అయితే నా కోడి వాపస్ ఇయ్యి" అంది. రాజన్న ఒక బూతు మాట అన్నాడు, అది రాయను. రూతమ్మ తన దారం తనే పళ్లతో కొరికి తెంపి, జీపెక్కి కూర్చుంది.

తొమ్మిదీ ఇరవైకి ఉట్నూర్ దవాఖాన. విరిగిన కిటికీకి రేబిస్ అవగాహన సదస్సు బ్యానర్ అడ్డం కట్టారు, అక్షరాలు లోపలి వైపుకు. నేను ముందుకు పోయి, "నలుగురైతే రమ్మన్నరట. ఏడుగురొచ్చినం" అన్నాను.

నర్సు వయసు ముప్పై దాటదు. ఏడుగురినీ చూసి, "ఇన్ని రోజులు ఏడున్నరు మీరంత?" అంది. సీసా తీసింది. నేను అడిగి తీసుకుని గడువు తేదీ చదివాను, చల్లగా ఉందో లేదో పట్టుకు చూశాను.

"నా మీద నమ్మకం లేదా సార్?"

"సీసా మీద రాసింది సదువుకుంటేనే నాకు నమ్మకం."

రెండు సీసాలు తెరిచింది. అందరికీ సూదులు వేశాక నన్ను పక్కకు పిలిచింది. "తెరిస్తే కొన్ని గంటలల్ల వాడాలె సార్. ఒక్కరికి తెరిచి మిగిలింది పారబోస్తే, ఎందుకు పారబోసినవని నన్ను రాతల అడిగిన్రు. మనిషి వాపస్ పోతే మాత్రం ఎవ్వరూ అడుగలే."

అమ్ముకుంటోందని నేననుకున్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇదే మాట రాసివ్వమని అడిగాను. "నేను రాస్తే నా నౌకరి పోతది. మీరు రాయుండ్రి" అంది. రాస్తున్నాను.

రూతమ్మ కాటు లోతుగా ఉందని, రక్తం వచ్చిందని, పుండు చుట్టూ వేసే ఇంకో మందు కూడా పడాలని అక్కడి డాక్టర్ చెప్పాడు. అది ఆదిలాబాద్‌లోనే. పదకొండున్నరకు ఉట్నూర్‌లో బస్సెక్కి, ఇంద్రవెల్లి, గుడిహత్నూర్ మీదుగా ఒకటిన్నరకు చేరాం. వరుసలో మహారాష్ట్ర సరిహద్దు నుంచి వచ్చిన ముసలాయన తన చోటు చెల్లెలికిచ్చి, "తాయీ, నువ్వు ముందు పో, నాది పిల్లి గీరిందే" అన్నాడు. ఈ మూడు రోజుల్లో అడగకుండా చోటిచ్చిన మనిషి ఆయనొక్కడే. మూడింటికి మందు పడింది. పుండులోకి సూది దిగుతుంటే రూతమ్మ నా చేయి పట్టుకుంది, చిన్నప్పుడు పట్టుకున్నట్టు. గట్టిగానే నొచ్చింది, నాకు.

రాత్రి ఆదిలాబాద్‌లోనే ఉండి, శనివారం పొద్దున ఏడింటికి ఆమెను ఉట్నూర్ బస్సెక్కించాను. ఎక్కాక కిటికీలోంచి, "అన్నా, ఇంటికి పోయి మళ్ల ఎవల మీదనన్న రాస్తవా?" అంది. రాస్తానన్నాను. "రాయి. నా పేరు కూడ రాయి" అంది.

ఏడున్నరకు నేను నిర్మల్ మీదుగా కరీంనగర్ బస్సులో కూర్చున్నాను. నిర్మల్ తర్వాత గోదావరి వచ్చింది. పక్కనున్నాయన బిళ్ల వేసి, "మీరు ఏస్తలేరా?" అన్నాడు. నేను కాగితం మీద లెక్క రాసుకుంటున్నాను. ఈ మూడు రోజుల్లో మూర్ఖుల కోసం వెతికాను, దొంగల కోసం వెతికాను. దొరికింది వేరు. చెల్లెలికి సూది కావాలని తెలుసు. నర్సుకు వేయాలని తెలుసు. పసరు ఇచ్చేవాడికి కూడా సూదే మందని తెలుసు. ముగ్గురికీ తెలిసినా, ఒక మనిషి నాలుగు రోజులు మందు లేకుండా గడిపింది. ఇంక ఎవరికి అవగాహన కలిగించాలో నాకు చెప్పండి.

సోమవారం రెండో సూదికి ఏడుగురూ పోయారు, మల్లయ్యే వెంటబెట్టుకుని తీసుకుపోయాడట. ఇప్పుడు కాటుతో వచ్చినవాళ్లకు కాలు కడిగి, జీపు దాకా తోడొస్తున్నాడని రూతమ్మ చెప్పింది. కోడిని తీసుకోవడం మానాడో లేదో నాకు తెలియదు, మానకపోవచ్చు.

కానీ మాకు ఏడుగురు దొరికారు. రేపు ఏ గూడెం నుంచో ఒక్క ఆడమనిషి, ఒక్కతే, కాలికి రక్తంతో వాగు దాటి ఆ గడపలోకి వస్తే సీసా తెరుస్తారా, తెరవరా? ఇదే నా అయిదో అర్జీ, ఇందులో ఇదొక్కటే ప్రశ్న. తెరుస్తామంటే ఆ మాట దవాఖాన గోడ మీద రాయించండి. తెరవబోమంటే అదీ రాయించండి, జనం కూలి పోగొట్టుకోకుండా నేరుగా ఇంకెక్కడికైనా పోతారు. నా చిరునామా పాత నాలుగు అర్జీల మీదా ఉంది. టీ గ్లాసు కింద ఉన్నదాని మీద కూడా. జవాబు ఇవ్వండి.